పంతొమ్మిది రంకెలు

టునిస్, 9 జూన్ 1986

తీజానీ అన్నయ్యకి,

ఆ లోయలో దుప్పుల్ని చంపింది నువ్వే. తుపాకి ఎవరి చేతిలో పేలిందన్నది నాకు అనవసరం. ఐన్ బల్లూత్ వేటగాళ్ళ సంఘానికి ఇరవయ్యేళ్ళుగా పెద్దవి నువ్వు. ఆ సంఘం తిరిగిన అడవి బోసిపోయింది. జవాబు చెప్పాల్సింది నువ్వు కాక ఇంకెవరు? ముఖాన అడగలేక పత్రికలో రాసిందని ఊరంతా చెప్పుకుంటున్నావట. అందుకే ఇప్పుడు నీకే రాస్తున్నాను.

వసంత సెలవల్లో వచ్చి నాలుగు రోజులు లోయంతా తిరిగాను. ఒక్క దుప్పి కనిపించలేదు. ఒకే ఒక్క గిట్ట జాడ కనిపించింది, అదీ ఎండిపోయిన బురదలో. కనిపించిందల్లా సీసా బిరడాలకు బెరడిచ్చే బెండు చెట్ల మధ్య మూడు చోట్ల మొదలంటా కొట్టేసిన పొదలు. బొగ్గు కాల్చుకోవడానికి కాకపోతే దేనికి కొట్టారు? ఇక మీ పంది వేట సంగతి. విదేశాల నుంచి అతిథులు తుపాకులు పట్టుకుని వరసగా నిలబడతారు. మన ఊరి మగవాళ్ళు నలభై మంది డబ్బాలు వాయిస్తూ, అరుస్తూ అడవిని వాళ్ళ మీదికి తోలతారు. కడుపుతో ఉన్న ఆడదుప్పి ఆ గోలలో ఎక్కడ దాక్కోవాలి? మనం తినని జంతువును ఎవడి సరదా కోసమో తోలిపెట్టడం సంప్రదాయమైతే, ఊడిగానికి కూడా ఆ పేరు పెట్టుకోవచ్చు.

ఇది నీ మీద పగ కాదు. నేను నమ్మినదాన్ని నా ఇంటి గుమ్మం దగ్గర ఆపేస్తే దాన్ని నమ్మకం అనకూడదు.

పంపిన తేనె అందింది. బాగుంది. ఆ తేనె తింటూ నీ మీద రాయాల్సి వచ్చినందుకు ఇంకా కోపంగా ఉంది.

నీ చెల్లెలు,
నజీహా

తా.క. వ్యాసం కత్తిరించి ఇందులో పెట్టాను. నీ పేరు ఎక్కడా రాయలేదు, చూసుకో.


ఐన్ బల్లూత్, 28 జూన్ 1986

శ్రీమతి లల్లా నజీహా గారి సముఖానికి,

సలాం. మీరు పంపకముందే మీ వ్యాసం మా దగ్గరికి వచ్చేసింది. అంగడిలో హస్సూనా పైకి చదివాడు. నా పేరు లేదని మీరన్నది నిజమే. "లోయకు పెద్దనని చెప్పుకునే వేటగాడు" అని ఉంది. ఇక్కడ అలాంటివాళ్ళు డజను మంది ఉన్నారు కాబట్టి ఎవరికీ అర్థం కాలేదు.

బుధవారం అడవి గార్డుల జీపు వచ్చింది. సంఘం తుపాకులు పదకొండూ ఎత్తుకెళ్ళారు. మన తాత తుపాకి కూడా. ఆ అధికారి జేబులో మీ వ్యాసం నాలుగు మడతలు పెట్టి ఉంది. "తిరిగి ఎప్పుడిస్తారయ్యా" అని అడిగాను. "మీ చెల్లెమ్మను అడుగు, పెద్దాయనా" అన్నాడు. అడుగుతున్నాను.

పందులు నిన్న రబాహ్ మొక్కజొన్న మొత్తం తొక్కేశాయి. డబ్బా వాయించి తరిమితే ఆగి మా వైపు చూశాయి. తుపాకులు పోయిన సంగతి వాటికి కూడా తెలిసినట్టుంది. మీ పత్రిక చదువుతాయేమో.

పొదలు దేనికి కొట్టామని ఇప్పుడు అడుగుతున్నారు. ఆ నాలుగు రోజులూ నా పళ్ళెంలోనే తిన్నారు. అప్పుడు అడగలేదు. ఇప్పుడు నేను చెప్పను.

మీ అన్న అని చెప్పుకుంటే అభ్యంతరం లేకపోతే,
తీజానీ


టునిస్, 20 జూలై 1986

అన్నయ్యా,

నన్ను "మీరు" అని పొడిస్తే పొడువు. తట్టుకోగలను. తట్టుకోలేనిది, నేను రాయని మాటకు నన్ను బోనెక్కించడం. తుపాకులు లాక్కోమని ఎక్కడా రాయలేదు. ఉన్న చట్టం అమలు చెయ్యమని రాశాను. రెండూ ఒకటే అంటావు. కాదు. బడిలో దెబ్బలు కొట్టే పంతులు గురించి నేను ఫిర్యాదు చేస్తే సర్కారు బడే మూసేసిందనుకో, తప్పు ఫిర్యాదుది కాదు. సర్కారుకు మూసెయ్యడం ఒక్కటే తెలుసు, అదీ బాధ.

తాత తుపాకి సంగతి మాత్రం గుచ్చుకుంది. ఆయన దాన్ని ఒళ్ళో పెట్టుకుని ఆలివ్ నూనెతో తుడవడం నాకూ గుర్తుంది. కానీ గుర్తులతో అడవి బతకదు.

నేను నిన్ను అడగలేదన్నది నిజం. కళ్ళతో చూశాక అడగడమెందుకనుకున్నాను. ఇప్పుడు అడుగుతున్నాను. పొదలు దేనికి?

నజీహా


ఐన్ బల్లూత్, 11 ఆగస్టు 1986

చెల్లీ,

అడిగావు కాబట్టి చెప్తాను. ఒక్కసారే.

చలికాలం చివర ఆడదుప్పికి లేతగడ్డి కావాలి. కడుపులో పిల్ల పెరిగే రోజులవి. పొదలు మూసుకుపోతే గడ్డి చచ్చిపోతుంది. అందుకే ప్రతి ఫిబ్రవరిలో సంఘం మొత్తం మూడు రోజులు కత్తులు పట్టుకెళ్ళి ఆ మూడు బయళ్ళూ కొడతాం. కూలి లేదు. కొట్టమని సర్కారు చెప్పలేదు. తాతల నాటి నుంచీ మాట ఒకటే. ఏడాదికి ఒక్క మగదుప్పిని తీసుకునే హక్కు కావాలంటే ముందు మందకంతటికీ మేత పెట్టాలి. ఆ వేటను చట్టం ఆపి ఇరవై రెండేళ్ళయింది. ఈ ఇరవై రెండేళ్ళలో దుప్పి మీద మాలో ఎవడూ తుపాకి ఎత్తలేదు. పొదలు మాత్రం ఏటా కొడుతున్నాం. దేనికని అడుగుతావేమో. అది మానేస్తే ఆ కొండ మీద మేమెవరం?

కొట్టిన కంపంతా అక్కడే పేర్చి ఉంది. బొగ్గు కాల్చేవాడు కంప వదిలేసి పోతాడా? చూశావు, కానీ ఏం చూశావు?

ఏప్రిల్లో దుప్పులు పైన, బండల దగ్గర ఉంటాయి. పైగా నువ్వు పూసుకొచ్చిన అత్తరు కొండ అవతలున్న నాకే తెలిసింది, వాటికి తెలియదా? పోయిన శరత్తులో నా చెవులతో నేను ఏడు మగదుప్పుల రంకెలు విన్నాను. ఏడంటే ఏడు. తక్కువే. కానీ చచ్చిపోలేదు.

పంది వేట గురించి నువ్వన్నదాంట్లో కొంత ఉంది. ఆడదుప్పులు ఈనే నెలల్లో కూడా తోలించుకుంటున్నారు, నాకూ నచ్చదు. ఆ ఒక్క మాట నాతో అని ఉంటే నేనే నీ వెంట నడిచేవాణ్ణి.

అటవీ శాఖ వాళ్ళు సెప్టెంబరులో లెక్కకు వస్తారట. తెల్లవారుజామున గట్ల మీద కూర్చుని రంకెలు విని లెక్కపెడతారట. దుప్పుల్ని ఎవడు చంపాడో అప్పుడు తేలుతుంది. ఈలోపు నువ్వు రాయకు. రాసినా విప్పను.

తీజానీ


టునిస్, 1 సెప్టెంబరు 1986

అన్నయ్యా,

విప్పనన్నావు. విప్పుతావని నాకు తెలుసు.

బయళ్ళ గురించి నువ్వు చెప్పింది నమ్ముతున్నాను. వ్యాసంలో ఆ వాక్యం తప్పు. అయితే వాక్యం తప్పైనంత మాత్రాన వాదన తప్పు కాదు. ఇది అర్థం చేసుకోవాలి నువ్వు. మేత పెట్టినవాడికి చంపే హక్కు వస్తుందన్న ఆలోచన ఎక్కడిది? గొర్రెల కాపరిది. అడవి గొర్రెల దొడ్డి కాదు. ఇరవై రెండేళ్ళుగా కాల్చలేదంటున్నావు, గొప్పే. కానీ అది చట్టం వల్లనా, మీ మంచితనం వల్లనా? చట్టం వల్లనే అయితే నేను అడిగిందీ చట్టమే కదా. మంచితనమే అయితే తుపాకులు పోతే మీకు పోయేదేముంది? ఈ రెండింటికీ జవాబు చెప్పు.

ఇంకొకటి. మగవాళ్ళు నలభై మంది అడవికి వెళ్ళడాన్ని సంప్రదాయం అంటారు. వాళ్ళకు మూడు రోజులూ రొట్టె కాల్చి, కొండ మీదికి మోసి, ఖాళీ గంపతో దిగిన మన అమ్మ సంగతిని ఎవరూ ఏ పేరుతోనూ పిలవరు. నీ ఉత్తరంలోనూ ఆవిడ లేదు. నాకు కోపం రాదా?

అతిథుల కోసం ఈనే నెలల్లో తోలడం నీకూ నచ్చదన్నావు. మరి ఎప్పుడైనా నోరు తెరిచి ఆ మాట సంఘంలో అన్నావా? పెద్దవి నువ్వేగా. మౌనంగా ఉన్నవాడు ఏ పక్షమో చెప్పక్కర్లేదు. మూడు పేజీలు నిండిపోయాయి, ఇక్కడ మా బడి తెరిచే హడావుడి కూడా మొదలైంది, ఈ ఏడు నాకు యాభై ఎనిమిది మంది పిల్లలు, కిటికీలకు అద్దాలు లేవు.

అన్నట్టు, నాతో చదువుకున్న ఒకామె అటవీ శాఖలో ఉంది. ఆమె చెప్పింది. లెక్కలో మగదుప్పులు పది కంటే తక్కువ తేలితే లోయ మొత్తాన్ని దుప్పులకే వదిలేస్తారట. పది దాటితే మంద నిలదొక్కుకున్నట్టు లెక్కట, కింది సగాన్ని దున్ని కాగితం కోసం నీలగిరి తోట వేస్తారట. ఏడు అన్నావుగా. ఏడే పడనివ్వు.

ఆరోగ్యం చూసుకో.
నజీహా


ఐన్ బల్లూత్, 29 సెప్టెంబరు 1986

చెల్లీ,

నీ ఉత్తరం వచ్చి మూడు వారాలైంది. పిండిడబ్బా మీద అలాగే ఉంది. విప్పనన్నాను, విప్పలేదు. అన్నమాట మీద నిలబడేవాళ్ళు మన ఇంట్లో ఇద్దరున్నారని నీకు తెలియాలి.

ఇక విను. లెక్క బుధవారం అయింది. శాఖ వాళ్ళు ముగ్గురు, మూడు గట్ల మీద, చేతుల్లో పుస్తకాలు. మేం ఆరుగురం తెల్లవారకముందే నమాజు చేసుకుని లోయలోకి దిగాం. ఒక్కొక్కడి చేతిలో ఒక జాడీ మెడ. నీకు తెలుసుగా, మట్టి నూనెజాడీ పగిలితే మెడ పారెయ్యం. దాన్ని నోటికి ఆనించి కడుపులోంచి ఊదితే అచ్చం మగదుప్పి రంకే. మామూలుగా అసలు దుప్పి ఎక్కడుందో తెలియడానికి ఒక్కసారి ఊది ఊరుకుంటాం. ఆ రోజు ఊరుకోలేదు. ఒక్కొక్కడూ రెండు చోట్ల నుంచి, రెండు రకాలుగా. ఒక చోట ముసలిది, ఇంకో చోట వయసులో ఉన్నది. మా కూతలు విని అసలువి రెచ్చిపోయి లోయ అదిరిపోయేలా రంకెలు వేశాయి. చిన్నప్పటి నుంచీ అంత గొప్పగా వినలేదు.

రబాహ్‌కు మధ్యలో దగ్గు తెర వచ్చింది. పై గట్టు మీదున్నాయన "ముసలి జంతువు, ఊపిరి బాగోలేదు" అని రాసుకున్నాడట. కిందికి వచ్చాక మాకే చదివి వినిపించాడు. రబాహ్ నేల చూపులు చూశాడు.

పంతొమ్మిది, నజీహా. సర్కారు పుస్తకంలో, సర్కారు సిరాతో. నువ్వు చచ్చిపోయాయన్న దుప్పులు పంతొమ్మిది. ఇప్పుడు మీ పత్రికలో రాయి.

నీ అన్న,
తీజానీ


టునిస్, 6 అక్టోబరు 1986

అన్నయ్యా,

పిండిడబ్బా మీదున్న ఉత్తరం విప్పు. నాలుగో పేజీ చదువు. మిగతాది చదవక్కర్లేదు.

నజీహా


ఐన్ బల్లూత్, 15 అక్టోబరు 1986

చెల్లీ,

చదివాను. నాలుగో పేజీలో, కిటికీ అద్దాల తర్వాత ఉంది.

ముందు మూడు పేజీలూ కూడా చదివాను. ఇల్లు అంటుకుందని చెప్పడానికి పరిగెత్తుకొచ్చినవాడు ముందు ఆ మాట చెప్తాడమ్మా. పొయ్యి ఎవరు ఆర్పలేదో, ఎవరి బుద్ధి ఎలాంటిదో తర్వాత చెప్తాడు. నువ్వు తిరగేసి చెప్పావు.

విప్పకపోవడం నా తప్పు. అది నీ మీద పెట్టను. కానీ నిజం చెప్పనా? వచ్చిన రోజే విప్పి ఉన్నా నాలుగో పేజీ దాకా వెళ్ళేవాణ్ణి కాదు. రెండో పేజీలోనే చింపి పొయ్యిలో వేసేవాణ్ణి. అమ్మ గంప సంగతి దగ్గర.

ఆవిడ గంప ఖాళీగా దిగేది కాదు. బయళ్ళ అంచున రాలిన ఎర్రపళ్ళు నీకోసం ఏరుకొచ్చేది. దారి పొడవునా ఒక్కటీ తినేది కాదు. అడిగి ఉంటే చెప్పేవాణ్ణి.

ఇప్పుడేం చెయ్యాలి? నిజం చెప్తే ఆరుగురం జైలుకు పోతాం. మిగతా అయిదుగురూ నా మాట మీద వచ్చినవాళ్ళు. తుపాకులు ఇక జన్మలో రావు. ఎవరికీ చెప్పకు. వచ్చే ఏడు మళ్ళీ లెక్కపెడతారేమో.

తీజానీ


టునిస్, 5 నవంబరు 1986

అన్నయ్యా,

ఉత్తర్వు మీద సంతకం అయిపోయింది. వచ్చే ఏడు దాకా ఆగరు. వానలకు నేల మెత్తబడగానే దున్నుతారు.

శాఖలో నా స్నేహితురాలి దగ్గరికి వెళ్ళాను. మళ్ళీ లెక్కించే దారి ఉందా అని అడిగాను. "ఉంది, పాత లెక్క తప్పని ఆధారం ఉంటే. ఉందా?" అంది. నలభై ఆరేళ్ళు వచ్చాయి నాకు. జవాబు తెలిసి కూడా నోరు మూసుకోవడం ఇదే మొదటిసారి. బయటికి వచ్చి ట్రాము కోసం నిలబడితే నా మీద నాకే అసహ్యం వేసింది.

నువ్వు చెప్పకు అన్నావు, చెప్పలేదు. కానీ ఒకటి అడుగుతున్నాను. నీ అయిదుగురిని కాపాడుకోవడం న్యాయమే. ఆ లోయలో ఉన్నవాటికి పెద్ద ఎవరు?

వాదన మొదలుపెట్టానా? ఆపేస్తున్నాను.

నజీహా


ఐన్ బల్లూత్, 3 డిసెంబరు 1986

చెల్లీ,

గార్డుల జీపు మళ్ళీ వచ్చింది. నువ్వు చెప్పేశావనుకున్నాను. నీ మీద రాకూడని మాటలు నా నోట వచ్చాయి, మీ వదిన సాక్ష్యం. బూట్లు వేసుకుని, కోటు తొడుక్కుని, రొట్టె మూట కట్టించుకుని గుమ్మంలో నిలబడ్డాను.

తుపాకులు తిరిగివ్వడానికి వచ్చారు. పదకొండూ ఇచ్చారు. దానితో పాటు ఒక ప్రశంసాపత్రం. "దుప్పుల మందను వృద్ధిచేసినందుకు ఐన్ బల్లూత్ వేటగాళ్ళ సంఘానికి." ఆ అధికారి నా చెయ్యి పట్టుకుని ఊపి, "మీ చెల్లెమ్మ పొరబడింది, పెద్దాయనా" అన్నాడు. రొట్టె మూట చేతిలో ఉండిపోయింది. ఆయనకే ఇచ్చాను.

సోమవారం మూడు ట్రాక్టర్లు దిగాయి. మూడూ మన కింది బయల్లో నుంచే మొదలుపెట్టాయి. డ్రైవరు బేజా పట్నం వాడు, మంచివాడే. "అంతా కంప ఉంటుందన్నారు. ఇక్కడ ముందే శుభ్రంగా కొట్టి పెట్టారు, బాబాయ్. పని సులువైపోయింది" అన్నాడు. తాతల నాటి నుంచీ మేం ఏటా కొట్టిన పని అది. రెండు పూటల్లో గడ్డి వేళ్ళతో సహా పైకొచ్చింది. వాళ్ళు దున్నే సగంలోకే వచ్చే పై బయళ్ళు రెండు మిగిలాయి. అవీ అయిపోవడానికి ఇంకో మూడు వారాలన్నాడు.

నిన్న పొద్దున ఆడదుప్పులు మూడు సరిహద్దు గట్టు దాటి అల్జీరియా వైపు పోయాయి. వెనక్కి చూడలేదు. అటు వాటికి మేత ఎవరు పెడతారో నాకు తెలియదు.

నిజం నీచేత రాయిద్దామా అని అయిదుగురినీ కూర్చోబెట్టి అడిగాను. రబాహ్, "రాయమను. నా దగ్గు కూడా రాయమను" అన్నాడు. ఎవరూ నవ్వలేదు, అతను కూడా.

రాయి, చెల్లీ. పేర్లతో రాయి. నువ్వు రాస్తే జీపులు కదులుతాయని చూశాను. ఈసారి ఒక్క పేజీ రాయి. ఎవరు ఎలాంటివాళ్ళో వద్దు. ఏం కావాలో రాయి చాలు.

అన్న,
తీజానీ


టునిస్, 13 డిసెంబరు 1986

అన్నయ్యా,

నా వ్యాసం నిజమో కాదో ఇంతవరకూ నన్ను ఒక్కరూ అడగలేదు. అచ్చువేసినవాళ్ళు అడగలేదు, తుపాకులు ఎత్తుకెళ్ళినవాళ్ళు అడగలేదు. నేనూ అడగలేదు. సర్కారును, పెద్దలను, మగవాళ్ళను జీవితమంతా నిలదీశాను. దుప్పి జాడ కోసం నాలుగు రోజులు తిరిగి, పక్కనే కూర్చున్న నిన్ను ఒక్క ప్రశ్న అడగలేకపోయాను. అడిగి ఉంటే నీకు జాడీ మెడ ఎత్తే అవసరం వచ్చేది కాదు. దీనికి వాదన లేదు. ఎంత వెతికినా దొరకలేదు.

కింద రాసింది సోమవారం శాఖకు ఇస్తున్నాను. అదే రోజు పత్రికకు కూడా. నువ్వు, ఆ అయిదుగురు సంతకాలు పెట్టి, ఇది తెచ్చిన బస్సు డ్రైవరు చేతికే తిరిగి ఇవ్వండి. ఎవరైనా పెట్టనంటే బలవంతపెట్టకు. ఒక్క పేజీయే ఉంది, సరిచూసుకున్నాను.

మా కోర్కెలు:

1. సెప్టెంబరు 24 నాటి లెక్క రద్దు చెయ్యాలి. ఆ రోజు విన్న పంతొమ్మిది గొంతుల్లో దుప్పులవి ఏడే. మిగతా పన్నెండు మనుషులవి.

2. ట్రాక్టర్లు వెంటనే ఆపాలి. పైనున్న రెండు బయళ్ళ జోలికి పోకూడదు.

3. దున్నిన బయల్లో నీలగిరి మొక్క ఒక్కటి కూడా నాటకూడదు. గడ్డి విత్తనం చల్లాలి.

4. ప్రతి ఫిబ్రవరిలో పొదలు కొట్టే పనిని ఐన్ బల్లూత్ వేటగాళ్ళకే రాతపూర్వకంగా అప్పగించాలి.

5. ఆడదుప్పులు ఈనే నెలల్లో ఆ లోయలో పంది వేట ఉండకూడదు, అతిథులు ఎంతటివాళ్ళయినా సరే.

6. ఊరివాళ్ళను పక్కన కూర్చోబెట్టుకుని మళ్ళీ లెక్కపెట్టాలి.

7. సంఘానికి ఇచ్చిన ప్రశంసాపత్రం వెనక్కి తీసుకోవాలి.

8. తప్పుడు లెక్కకు శిక్ష వేస్తే ఏడుగురికి వెయ్యాలి. ఊదినవాళ్ళు ఆరుగురు, అడక్కుండా రాసినామె ఒకతె. పేర్లు చదివేటప్పుడు ఆమె పేరు ముందు చదవాలి.

నజీహా